34 నంబర్ అంగి ఎవలిది?

మొన్న 2025 డిసెంబర్‌ల అమెరికాల ఒక కమిటీ కూసున్నది. 16 మంది. బేస్‌బాల్ ఆటల గొప్పోళ్ల పేర్లు ఎక్కిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌ల ఈసారి ఎవలిని చేర్చాలె అని ఓట్లేసిన్రు. ముంగట 8 పేర్లున్నయి. అండ్ల ఒకటి ఫెర్నాండో వలెన్సువేలా. గెలువాల్నంటే 12 ఓట్లు రావాలె. ఆయనకు 5 సుత రాలే. జెఫ్ కెంట్ అనే ఇంకో ఆటగాడు ఒక్కడే గెలిచిండు. ఫెర్నాండో అప్పటికే చనిపోయి ఏడాది దాటింది కాబట్టి ఈ ముచ్చట ఆయనకు తెల్వది.

గదే ఫెర్నాండో తొడుక్కున్న 34 నంబర్ అంగిని, 1991ల ఆయన పోయినంక లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ టీంల ఇంకొకలు తొడగలే. ముప్పై ఏండ్లు దాటింది. ఇప్పటికీ డాడ్జర్స్ మ్యాచ్ ఉన్ననాడు ఆ స్టేడియంల ఏ మూలకు చూసినా జనం ఒంటి మీద 34 కనవడుతది. ఆయన ఆట చూసినోళ్లు తొడుగుతరు, ఆయన ఆడినప్పుడు పుట్టనోళ్లు సుత తొడుగుతరు.

బేస్‌బాల్ మనకు తెల్వదు. నాకు సుత రెండేండ్ల కింది దాక తెల్వదు. మన పోరగాళ్లు దాని బ్యాటును ఇంగ్లీష్ సినిమాలల్ల తలకాయలు పలగ్గొట్టుడుకే చూసిన్రు. అయినా ఈ ముచ్చట మీకు చెప్పాలె అనిపిచ్చింది. ఎందుకంటే ఇండ్ల భూమి గుంజుకునుడు ఉన్నది, ఊరి పిలగాడు ఉన్నడు, కంపెనీ ఉన్నది, ఫ్యాన్స్ ఉన్నరు. ఈ నాలుగూ మనకు మంచిగ ఎరుకే.

ముందుగల ఈ నంబర్ రిటైర్ చేసుడు ఏందో చూద్దాం. మన దగ్గర సచిన్ 10 నంబర్, ధోనీ 7 నంబర్ ఇంకెవలికి ఇయ్యకుంట బీసీసీఐ పక్కకు పెట్టింది గద, గట్లనే. ఆటగాడు రిటైర్ అయితడు, ఆయన తర్వాత నంబర్ సుత రిటైర్ అయితది. స్టేడియం గోడ మీద పెద్దగ రాస్తరు. డాడ్జర్స్ క్లబ్బుకు ఒక పాత కట్టుబాటు ఉండె. హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినోని నంబరే రిటైర్ చేస్తం, వేరేటోళ్లది చెయ్యం అని. జిమ్ గిలియమ్ అనే ఒక్కనికి తప్ప ఎవ్వలికి సడలియ్యలే. ఫెర్నాండో 2003ల, 2004ల హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగుల నిలవడ్డడు, రెండోసారి 4 శాతం సుత రాలే, పేరే తీసేసిన్రు. అట్లైతే లెక్క ప్రకారం 34 నంబర్‌ను ఏ కొత్త పిలగానికో ఇచ్చేయాలె. కానీ ఇయ్యలే. కాగితం మీద రిటైర్ చెయ్యలే, మనిషికి ఇయ్యలే. నడుమ ముప్పై సీజన్ల కంటె ఎక్కువే గట్ల గాలిల ఉన్నది ఆ అంగి. ఇస్తే ఊరు ఊకోదని క్లబ్బుకు తెల్సు.

ఊరు ఎందుకు ఊకోదు అన్నది తెల్వాల్నంటే ఆ స్టేడియం ఏ జాగల కట్టిన్రో చూడాలె.

లాస్ ఏంజిలస్ నడి పట్నానికి పక్కనే గుట్టలున్నయి. చావెజ్ రవీన్ అంటరు ఆ జాగను. అక్కడ పాలో వెర్దే, లా లోమా, బిషప్ అని మూడు బస్తీలుండె. ఉన్నోళ్లు ఎక్కువశాతం మెక్సికో నుంచి వచ్చిన కూలి జనం, వాళ్ల పిల్లలు. వేరే దిక్కు ఇల్లు కొందామంటే తెల్లోళ్ల కాలనీలల్ల అమ్మరు, కాబట్టి ఇక్కడ గుట్ట మీద సొంతంగ ఇండ్లు కట్టుకున్నరు. మేకలు, కోళ్లు, కూరగాయల పెరడు. చర్చి ఉండె, బడి ఉండె. పట్నం నడుమ ఒక ఊరు అనుకోండి.

1950 జులైల ఇంటింటికి ఉత్తరాలు వచ్చినయి. ఈ జాగల సర్కారు పేదోళ్లకు ఇండ్లు కడ్తది, మీరు అమ్మి పోండి, ఇండ్లు తయారైనంక మొదటి హక్కు మీదే అని. పేదోళ్లకు ఇండ్లు కట్టనీకె పేదోళ్ల ఇండ్లు కూలగొట్టుడు! అయినా కొందరు నమ్మిన్రు, వచ్చిన కాడికి తీసుకొని పోయిన్రు. ఆలస్యంగ అమ్మినోళ్లకు ఇంకా తక్కువ పైసలొచ్చినయి. అటెన్క ఏమైంది? ఆ ఇండ్ల పథకం నడిపే ఆఫీసర్ ఫ్రాంక్ విల్కిన్సన్‌ను 1952ల కమ్యూనిస్టు అని ముద్ర గొట్టి నౌకరి పీకేసిన్రు. మన దగ్గర ఇప్పుడు వేరే మాట వాడుతున్నరు, పని అదే. 1953ల కొత్త మేయర్ గెలిచిండు, సర్కారు ఇండ్లే వద్దన్నడు, పథకం మూల వడ్డది. ఇండ్లు రాలే, పాత ఇండ్లు లేవు. గుట్ట మీద కొన్ని కుటుంబాలు మాత్రం కదలకుంట ఉండిపోయినయి.

గప్పుడే న్యూయార్క్ దిక్కు బ్రూక్లిన్ నుంచి డాడ్జర్స్ టీం ఓనర్ వాల్టర్ ఓమాలీ కొత్త స్టేడియంకు జాగ దేవులాడుతుండె. లాస్ ఏంజిలస్ నగరపాలక సంస్థ 300 ఎకరాల దాక ఆ గుట్టల జాగను ఆయనకిచ్చింది. 1958 జూన్‌ల దీని మీద జనంతోని ఓటింగు పెడ్తే కొంచెం తేడాతోని కంపెనీ దిక్కే పోయింది. 1959 మే నెలల పోలీసులు వచ్చి ఆఖరి ఇండ్లను ఖాళీ చేయిచ్చిన్రు. ఒక ఆడమనిషిని నలుగురు పోలీసోళ్లు కాళ్లు చేతులు పట్టుకొని మెట్ల మీద నుంచి మోసుకొచ్చిన ఫొటో ఇయ్యాల సుత దొరుకుతది. టీవీలోళ్లు పక్కన నిలవడి తీసిన్రు. జెర సేపటికే బుల్డోజర్ ఇల్లును నేలమట్టం చేసింది. ఆ ఇంటోళ్లు అక్కడ్నే గుడారం ఏసుకొని కొన్నాళ్లు కొట్లాడిన్రు. 1962 ఏప్రిల్‌ల స్టేడియం ఓపెన్ అయింది.

ఆ మూడు బస్తీల వాళ్లల్ల కొందరు ఆ స్టేడియంల అడుగు పెట్టం అని ఒట్టు పెట్టుకున్నరు. నాకు ఈ మాట చదివినప్పుడు కొత్త అనిపియ్యలే. మల్లన్నసాగర్ కింద వేములఘాట్ మునిగింది. ఇయ్యాల ఆ కట్ట చూడ జనం కార్లల్ల పోతరు, సెల్ఫీలు దిగుతరు. అండ్ల ఊరు పోగొట్టుకున్నోళ్లు ఎందరు పోతరో మీరే అరుసుకోండి.

ఇగ పిలగాని ముచ్చటకు వద్దాం.

ఫెర్నాండో మెక్సికోల సొనోరా రాష్ట్రంల ఎచోవకీలా అనే చిన్న పల్లెల పుట్టిండు, 1960 నవంబర్ 1న. ఎవుసం చేసుకునే కుటుంబం. 12 మంది పిల్లలల్ల ఆఖరోడు. అన్నలతోని ఊర్ల బేస్‌బాల్ ఆడి నేర్చుకున్నడు, కోచింగ్ లేదు, అకాడమీ లేదు. 1978ల మైక్ బ్రీటో అనే డాడ్జర్స్ మనిషి వేరే ఆటగాన్ని చూడనీకె మెక్సికోకు పోయి, ఎదుటి టీంల బాల్ ఏస్తున్న ఈ బొద్దు పిలగాన్ని చూసిండు. ఏడాది తర్వాత 1,20,000 డాలర్లు పెట్టి డాడ్జర్స్ ఆయన కాంట్రాక్టు కొన్నరు. ఆ పైసలల్ల పెద్ద వాటా మెక్సికో టీంకే పోయింది.

బేస్‌బాల్‌ల బాల్ ఏసెటోన్ని పిచ్చర్ అంటరు, మన బౌలర్ లెక్క. డాడ్జర్స్‌ల ఇంకో పిచ్చర్ బాబీ కాస్టియో దగ్గర ఫెర్నాండో స్క్రూబాల్ అనే బాల్ నేర్చుకున్నడు. మన దూస్రా లెక్క అనుకోండి. చూసెటోనికి ఒక దిక్కు పోతదనిపిస్తది, అది ఇంకో దిక్కు తిరుగుతది. చెయ్యి తిరగాల్సిన తరీకకు ఉల్టా తిప్పాలె, మోచెయ్యికి, భుజానికి శాన బరువు. అందుకే ఎక్కువ మంది జోలికి పోరు. ఇంకొకటి, ఈయన బాల్ ఇడిసే ముందు కండ్లు ఆకాశం దిక్కు పెట్టెటోడు. ఏం చూస్తుండె ఏమో. ఆ ఒక్క చూపును లాస్ ఏంజిలస్ పిల్లలంత గల్లీలల్ల ఆడుకుంట నకలు గొట్టెటోళ్లు.

1981 ఏప్రిల్ 9. సీజన్ మొదటి మ్యాచ్. ఎయ్యాల్సిన పిచ్చర్‌కు దెబ్బ తాకింది. 20 ఏండ్ల ఫెర్నాండోను పిలిచి నువ్వు ఎయ్యి అన్నరు. అవుతలి టీంకు ఒక్క పరుగు రానియ్యలే, 2-0తోని గెలిపిచ్చిండు. ఆ మ్యాచ్‌తోని కలిపి వరుసగ 8 మ్యాచ్‌లు ఏసిండు, 8 గెలిచిండు, అండ్ల 5 మ్యాచ్‌లల్ల ఎదుటోళ్లకు ఒక్క పరుగు లేదు. ఇంగ్లీష్ రాదు. పత్రికలోళ్లు అడిగితే పక్కన స్పానిష్ రేడియో కామెంటేటర్ హైమే హర్రీన్ నిలవడి తర్జుమా చేసెటోడు. ఈక్వడార్ నుంచి వచ్చిన ఈ హర్రీన్ 1959 నుంచి 2022 దాక డాడ్జర్స్ ఆటలను స్పానిష్‌ల చెప్పిన మనిషి. వంట చేసుకుంట, బట్టలు కుట్టుకుంట, తోటలల్ల పండ్లు తెంపుకుంట ఆడోళ్లు మగోళ్లు ఆ గొంతు ఇన్నరు. ఫెర్నాండోకు ఫ్యాన్స్ అయినోళ్లల్ల శానమంది టికెట్ కొని చూసినోళ్లు కారు, రేడియోల ఇన్నోళ్లు. దీన్ని ఎవలూ లెక్క గట్టరు.

ఆయన ఏసే రోజు స్టేడియం నిండిపోయెటిది. సొంత ఊర్లనే కాదు, వేరే పట్నం పోయినా అక్కడి మెక్సికో జనం కదిలొచ్చెటోళ్లు. ఫెర్నాండోమేనియా అని పేరు పెట్టిన్రు. అప్పటి దాక ఆ స్టేడియం మొఖం చూడని ఇండ్లల్ల ముసలోళ్లు సుత మనుమలను తీసుకొని వచ్చిన్రు అంటరు. ఇది ఆలోచించాల్సిన జాగ. ఇల్లు కూలగొట్టిన జాగకే వాళ్లు టికెట్ కొనుక్కొని పోయిన్రు. మర్సిపోయి పోయిన్రా? నేను అట్ల అనుకోను. వాళ్లు పోయింది కంపెనీ కోసం కాదు. నల్లగ, బొద్దుగ, ఇంగ్లీష్ రాకుంట, అచ్చం తమ ఇంటి పిలగాని లెక్క ఉన్నోడు ఆ గుట్ట నడుమ ఎత్తు మీద నిలవడి ఉంటే, చుట్టూ ఉన్న వేల మంది తెల్లోళ్లు లేచి చప్పట్లు కొడ్తుంటే చూడనీకె పోయిన్రు.

ఆ ఏడాది జూన్‌ల ఆటగాళ్లంత సమ్మెకు దిగిన్రు, యాభై రోజుల దాక ఆట బందయింది. సమ్మె అయినంక డాడ్జర్స్ ఫైనల్స్‌ దాక పోయిన్రు. ఎదురుంగ న్యూయార్క్ యాంకీస్. మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిపోయినంక మూడో మ్యాచ్‌ల ఫెర్నాండో 147 బాల్స్ ఏసిండు. మంచి లయల లేడు, కొట్టించుకుంటనే ఉన్నడు, అయినా మ్యానేజర్ తియ్యలే, ఈయన దిగలే. 5-4తోని గెలిచిన్రు. తర్వాత కప్పు సుత గెలిచిన్రు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు, ఉత్తమ పిచ్చర్ రెండు అవార్డులు ఒక్కనికే వచ్చినయి. ఆ రెండు ఒకే ఏడాది తెచ్చుకున్నోడు ఆయనకు ముందు లేడు, ఇప్పటి దాక ఇంకొకడు రాలే.

మరుసటేడు జీతం కాడ కొట్లాట. నీకు ఇంత చాలు అన్నది క్లబ్బు. స్టేడియం నింపింది నేను, నాకు ఇంకింత రావాలె అని ప్రాక్టీసుకు పోకుంట కూసున్నడు ఫెర్నాండో. అప్పటి దాక నెత్తిన పెట్టుకున్న పత్రికలల్ల కొందరు, ఊరోనికి ఇంత ఆశనా అన్నట్టు రాసిన్రు. 1983ల పంచాయితీ మధ్యవర్తి ముంగటికి పోతే ఆయన దిక్కు తీర్పు వచ్చింది, 10 లక్షల డాలర్లు. మధ్యవర్తి తీర్పుల అంత జీతం గెలిచిన మొదటి ఆటగాడు ఆయననే. ఊరోనికి బేరం రాదు అనుకున్నోళ్లకు గది తొలి దెబ్బ.

కానీ భుజం ఎన్నాళ్లు ఓపుతది? 1986ల 20 మ్యాచ్‌లు మొదలు నుంచి ఆఖరు దాక ఒక్కడే ఏసిండు. ఇయ్యాల ఏడాదికి నాలుగైదు అట్ల ఏసే పిచ్చర్ దొరుకుడే కష్టం. 1988ల భుజం ఇచ్చుకపోయింది. ఆ ఏడాది డాడ్జర్స్ మళ్ల కప్పు గెలిచిన్రు, ఈయన ఫైనల్స్‌ల లేడు. 1990 జూన్ 29న ఒక్క హిట్ సుత ఇయ్యకుంట మ్యాచ్ మొత్తం ఏసి ఇంకా నేను ఉన్న అని చూపెట్టిండు. తొమ్మిది నెలలకు, 1991 మార్చిల, సీజన్ మొదలు కాకముందే, ఆ ఏడాది జీతం మొత్తం ఖాయమయ్యే తారీకు రాకముందే క్లబ్బు తీసేసింది.

వీడ్కోలు మ్యాచ్ లేదు. దండ లేదు. ఆఖరుసారి ఏస్తుండు అని తెల్సి చూసే భాగ్యం ఫ్యాన్స్‌కు దొరకలే. మనకు సుత మొన్న 2025 మేల రోహిత్, కోహ్లీ వారం తేడాతోని ఇన్‌స్టాగ్రామ్‌ల ఒక పోస్టు పెట్టి టెస్టులకు దండం పెట్టిన్రు. మైదానంల ఒక్కసారి నిలవడి చప్పట్లు కొట్టే మోక దొరకలేదని మన పోరగాళ్లు ఎంత బాధ పడ్డరో నేను చూసిన. వీళ్లైతే తమంతట తాము పోయిన్రు. ఫెర్నాండోను ఎల్లగొట్టిన్రు. ఆయన తర్వాత ఐదారు టీంలల్ల తిరిగిండు, నడుమల మెక్సికోకు పోయి ఆడిండు. 1996 ఆగస్టుల అమెరికా, కెనడా అవుతల మొట్టమొదటిసారి మేజర్ లీగ్ మ్యాచ్ మెక్సికోల మాంటెరే పట్నంల పెట్టినప్పుడు బాల్ ఏసి గెలిచింది ఆయననే, అప్పుడు ఆయన సాన్ డియెగో టీంల ఉండె. 1997ల సెయింట్ లూయిస్ టీంల ఆఖరి మ్యాచ్. చప్పుడు లేకుంట అయిపోయింది.

2003ల డాడ్జర్స్ స్పానిష్ రేడియోకే కామెంటేటర్‌గ వచ్చిండు, తనకు తర్జుమా చేసిన హర్రీన్ పక్కననే కూసున్నడు. 2023 ఫిబ్రవరిల క్లబ్బు తన కట్టుబాటును పక్కకు పెట్టి నంబర్ రిటైర్ చేస్తం అన్నది. ఆగస్టు 11న స్టేడియం నిండ జనం, గోడ మీద 34. అరవై ఏండ్ల మనిషి, మాట తక్కువ, కండ్లల్ల నీళ్లు. 1991ల దక్కని వీడ్కోలు 32 ఏండ్లకు దక్కింది.

ఇక్కడి దాక మంచి సినిమా కథ. అమెరికా పత్రికలు సుత గట్లనే రాస్తయి. చావెజ్ రవీన్ గాయాన్ని ఫెర్నాండో మాన్పిండు, మెక్సికన్లకు, డాడ్జర్స్‌కు రాజీ అయింది అని. నాకు ఈ మాట కాడ పంచాయితీ ఉన్నది. గాయం చేసింది ఎవలు? నగరపాలక సంస్థ, కంపెనీ. మాన్పిన ఖర్చు పెట్టింది ఎవలు? ఒక 20 ఏండ్ల పిలగాని భుజం, టికెట్లు కొన్న ఫ్యాన్స్ జేబు. చేసినోడు ఏం ఇచ్చిండు అన్నది ఆ కథల ఉండది. 2024ల కాలిఫోర్నియా చట్టసభల్ల ఒక బిల్లు పాసైంది. చావెజ్ రవీన్‌ల ఇండ్లు పోయినోళ్ల లెక్క తియ్యాలె, వాళ్ల వారసులకు ఏ రకంగ పరిహారం ఇయ్యచ్చో చూడాలె అని. గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని వీటో చేసిండు. ఆయన డెమొక్రాట్ పార్టీ మనిషి, వలస జనం ఓట్లతోని గెలిచినోడు. నంబర్‌ను గోడ మీద రాసుడు సులువు, ఇండ్ల లెక్క కాగితం మీద రాసుడు కష్టమైంది.

నేను ఒక సంగతి ఒప్పుకోవాలె. కటౌట్‌కు పాలు పోసే పోరగాళ్లను, ఫ్లెక్సీ కాడ తన్నుకునేటోళ్లను నేను మీటింగులల్ల శానసార్లు తిట్టిన. భూమి పోతుంటే రారు గానీ బెనిఫిట్ షోకు రాత్రి రెండింటికే లైన్ కడ్తరు అన్న. తప్పు మాట్లాడిన అని ఇప్పుడు సుత అనను. పాలు పోసుడు నాకు నచ్చది, ఇద్దరు హీరోల పేరు మీద ఊర్ల పిలగాళ్లు తలలు పలగ్గొట్టుకునుడు అస్సలు నచ్చది. కానీ ఫ్యాన్ అంటే ఉత్త గొర్రె అన్నట్టు చూసిన, అది తప్పు. లాస్ ఏంజిలస్ ఫ్యాన్స్ 32 ఏండ్లు ఒక అంగిని ఎవ్వలనూ తొడగనియ్యలే. ఏ కమిటీ చెప్పలే, ఏ సంఘం తీర్మానం చెయ్యలే. ఆ పట్టు నాకు సంఘం పెట్టి ఇరవై ఏండ్లు తిరిగినా ఊర్లల్ల కుదిరియ్యనీకె కష్టమైంది.

ఆ పట్టు ఎంత దూరం పోతదో 2025 జూన్‌ల తేలింది. జూన్ 6 నుంచి లాస్ ఏంజిలస్‌ల ఇమిగ్రేషన్ పోలీసులు దాడులు మొదలువెట్టిన్రు. బట్టల కంపెనీల, కార్లు కడిగే కాడ, కూలి కోసం అడ్డా మీద నిలవడ్డ కాడ మనుషులను పట్టుకపోయిన్రు. మన అడ్డా కూలీలు ఎట్ల నిలవడ్తరో అట్లనే అక్కడ సుత హార్డ్‌వేర్ దుకాణాల ముంగట నిలవడ్తరు. దొరికినోళ్లల్ల ఎక్కువ లాటినోలే, అంటే డాడ్జర్స్ స్టేడియం నింపేటోళ్లే. ఇది మనకు దూరం ముచ్చట అనుకోకుండ్రి. అదే ఏడాది ఫిబ్రవరిల అమృత్‌సర్‌ల దిగిన అమెరికా మిలిటరీ విమానంల 104 మంది మనోళ్లు కాళ్లకు చేతులకు బేడీలతోని వచ్చిన్రు.

పట్నం గట్ల మండుతుంటే క్లబ్బు రెండు వారాల దాక నోరు ఇప్పలే. జూన్ 14న నెజ్జా అనే గాయని స్టేడియంల జాతీయ గీతం స్పానిష్‌ల పాడింది. ఇంగ్లీష్‌ల పాడు అని క్లబ్బు మనిషి చెప్తున్న వీడియో ఆమెనే బయట పెట్టింది. ఆటగాడు కికే హెర్నాండెజ్ మా జనాన్ని ఇట్ల చేస్తుంటే చూడలేకపోతున్న అన్న తీరుగ పోస్టు పెట్టిండు. ఇగ ఫ్యాన్స్ మొదలుపెట్టిన్రు. మా భాషల రేడియో నడుపుకొని పైసలు సంపాదిస్తరు, మా ఫెర్నాండో నంబర్ గోడ మీద రాసుకుంటరు, మమ్ముల పట్టుకపోతుంటే మాట రాదా అని. 34 అంగి తొడుక్కొని స్టేడియం గేటు కాడికి వచ్చిన్రు. ఇగ మ్యాచ్‌లకు రాము అన్నోళ్లున్నరు. జూన్ 19న ఇమిగ్రేషన్ బండ్లు స్టేడియం పార్కింగ్ గేటు దాక వచ్చినయి. లోపటికి రానియ్యలేదని క్లబ్బు చెప్పింది. తెల్లారి దాడులల్ల దెబ్బతిన్న కుటుంబాలకు 10 లక్షల డాలర్లు ఇస్తం అని ప్రకటించింది.

ఎంత గొప్పనో అనుకునేరు. ఒక్క పెద్ద ఆటగాని వారం జీతం కూడ కాదది కొందరి లెక్కల. ప్రకటనల సుత ఎవల మీద ఒక్క గట్టి మాట లేదు. కానీ రెండు వారాలు మూసుకున్న నోరును తెరిపిచ్చింది కోర్టు కాదు, పార్టీ కాదు, గవర్నర్ కాదు. ఫ్యాన్స్. మీ గోడ మీద ఉన్నోడు మావాడు, మావాన్ని పెట్టుకున్నంక మమ్ముల కాదనుడు నడువది అన్నరు. హీరోను ప్రేమించుడు అంటే హీరో పేరు మీద ఒక హక్కు అడుగుడు అని నాకు అప్పుడు సమజైంది. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ సంఘాలకు జిల్లా, మండలం, ఊరు దాక కమిటీలున్నయి, వాట్సాప్ గ్రూపులున్నయి, రాత్రికి రాత్రి వెయ్యి మందిని కూడగట్టే తాకత్ ఉన్నది. ఆ తాకత్‌తోని హీరోను ఒక్క ప్రశ్న అడిగినోళ్లు ఎందరున్నరు? అన్నా, నీ సినిమా టికెట్ రేటు పెంచితే కూలోడు ఎట్ల చూడాలె అని అడిగిన ఫ్యాన్స్ సంఘం ఏదన్న ఉంటే నాకు చెప్పుండ్రి, నేనొచ్చి దండ ఏస్త.

ఫెర్నాండో స్వయంగ ఎన్నడూ రాజకీయం మాట్లాడలే, అది సుత చెప్పాలె. మొహమాటస్తుడు. 1981ల అమెరికా అధ్యక్షుడు రీగన్ భోజనానికి పిలిస్తే పోయి మౌనంగ తిని వచ్చిండు. ఆయన జనం దిక్కు నిలవడ్డ నాయకుడు అని నేను అబద్ధం రాయ. ఆయన చేసింది బాల్ ఏసుడే. ఆ ఆటను తమ కొట్లాటకు తొడుక్కున్నది జనం.

2024 అక్టోబర్ 22న ఆయన లాస్ ఏంజిలస్‌ల చనిపోయిండు. 63 ఏండ్లు. ఇంకో మూడు రోజులల్ల ఫైనల్స్ మొదలు, ఎదురుంగ మళ్ల 1981ల ఉన్న యాంకీసే. స్టేడియం బోర్డు కింద పూలు, మైనం వత్తులు, పాత బాల్స్, స్పానిష్‌ల రాసిన చీటీలు కుప్పలు పడ్డయి. బోయిల్ హైట్స్ అనే మెక్సికన్ల పేటల బిల్డింగు గోడ మీద ఆకాశం దిక్కు చూసే ఆయన బొమ్మ గీసిన్రు. ఆటగాళ్లు చేతి మీద 34 బిళ్ల కుట్టుకొని ఆడిన్రు, ఐదు మ్యాచ్‌లల్ల కప్పు గెలిచిన్రు. ఊరేగింపు నవంబర్ 1న తీసిన్రు. ఆ రోజు ఫెర్నాండో పుట్టినరోజు. బతికుంటే 64 నిండెటియి. బస్సుల మీద ఆటగాళ్లు చేతులు ఊపుకుంట పోతున్నరు, కింద రోడ్డు పొడుగూత జనం, ఎంత దూరం చూసినా అంగీల మీద అదే నంబర్.